జపాన్ పెటాబిట్ రికార్డు నిజమే, గని ముందు కిలోమీటర్లు చూడాలె

వనపర్తి నుంచి ఈసీఈ చదివే తమ్ముడు మూడు ముచ్చట్లు అడిగిండు. జపానోళ్లు ఒక్క ఆప్టికల్ ఫైబర్ల, అంటే లైట్ పోయే సన్న గాజు పోగుల, సెకనుకు 1.02 పెటాబిట్ (ఒక పెటాబిట్ అంటె పది లక్షల గిగాబిట్లు) పంపిన్రు అనే వార్త నిజమేనా, నిజమైతే మా ఊర్లె వైఫై ఎందుకు గిట్ల ఏడుస్తది, ఇంకోటి ఫైబర్ల రీసెర్చ్ చేసేందుకు ఇంక ఏమన్న మిగిలిందా లేకుంటే అంత అయిపోయిందా అని. కింద ఒకాయన అంత ఫేక్ అన్నడు, ఇంకొకాయన వచ్చే ఏడు మన దగ్గరికి వస్తది చూడు అన్నడు. రెండూ తప్పే. నాది నల్గొండ జిల్లా, మొదట ఫైబర్ కేబుళ్లు కలిపే జాయింటింగ్ టీంల చేసిన, తర్వాత లాంగ్ డిస్టెన్స్ లింకుల ప్లానింగ్ దిక్కు వచ్చిన, ఇప్పటికీ అదే పని. కాబట్టి జర పెద్దగనే రాస్తున్న, ఓపికుంటే చదువుండ్రి.

ఊరి వైఫై ముచ్చట ముందు తెంపేద్దాం, ఎందుకంటె దానికీ జపానుకూ ఏం సంబంధం లేదు. ఇంటికొచ్చే ఫైబర్ ఎక్కువ శాతం జీపాన్ పద్ధతిల వస్తది, ఎక్స్ఛేంజిల ఉండే ఓఎల్టీ డబ్బా ఒక్క పోర్టుకు కిందికి (డౌన్‌లోడ్) 2.5 గిగాబిట్, పైకి (అప్‌లోడ్) 1.25 గిగాబిట్ ఇస్తది, దాన్ని స్ప్లిటర్ పెట్టి 32 ఇండ్లకో 64 ఇండ్లకో పంచుతరు. రాత్రి తిన్నంక అందరు ఒక్కసారే వీడియోలు పెడితే ఏమయితదో లెక్క నువ్వే ఏసుకో. ఆ ఓఎల్టీ నుంచి మండలానికి, మండలం నుంచి జిల్లాకు ఆపరేటర్ ఎంత బ్యాండ్‌విడ్త్ పెట్టిండు అనేది ఇంకో కథ. పంచాయతీ ఆఫీసుల కరెంటు పోయి బ్యాటరీ దిగిపోతే భూమిల ఎంత మంచి ఫైబర్ ఉన్నా ఏం ఫాయిదా. గాజు పోగు మాత్రం అమాయకురాలు, దాని తాకత్‌ల మనం వాడేది ఏ మూలకూ రాదు.

ఇగ రికార్డు. ఇది చేసింది ఎన్‌ఐసీటీ అని జపాన్ సర్కారు రీసెర్చ్ సంస్థ, ఫైబర్ తయారుచేసింది సుమిటోమో ఎలక్ట్రిక్, 2025ల బయటపెట్టిన్రు. వాట్సాప్‌ల తిరిగే మెసేజ్‌ల 1.02 పెటాబిట్ ఒక్కటే ఉంటది, దాని పక్కనున్న అసలు నంబర్ ఎవ్వరు రాయరు: 1,808 కిలోమీటర్లు. ఇదే ఎన్‌ఐసీటీ వాళ్లు 2023లనే 22.9 పెటాబిట్ చూపెట్టిన్రు, అంటే దీనికి ఇరవై రెండింతలు! మరి 2025ది రికార్డు ఎట్లయితది అంటె ఆ 22.9 పోయింది 13 కిలోమీటర్లే, నల్గొండల ఎక్కితే నార్కట్‌పల్లి కూడా రాదు. 2024ల మామూలు ఫైబర్ మీద, అంటే మన హైవే పక్కన ఏసినసొంటి సింగిల్ మోడ్ ఫైబర్ మీద, 402 టెరాబిట్ (వెయ్యి టెరాబిట్లు ఒక పెటాబిట్) పంపిన్రు, అది 50 కిలోమీటర్లు. 2021ల 319 టెరాబిట్, 3,001 కిలోమీటర్లు. ఈ నాలుగింటిని పక్కపక్కన పెట్టి ఏది గొప్ప అంటె మా ఫీల్డుల కెపాసిటీని దూరంతోటి గుణిస్తరు. 22.9 పెటాబిట్ ఇంటు 13 చేస్తే సుమారు 0.3 ఎక్సాబిట్ (వెయ్యి పెటాబిట్లు) కిలోమీటర్, 402 టెరాబిట్ ఇంటు 50 అయితే 0.02, 319 టెరాబిట్ ఇంటు 3,001 అయితే 0.96, 2025దానికి వాళ్లు చెప్పిన లెక్క 1.86. ఇప్పుడు అర్థమయితది అది ఎందుకు వార్త అయ్యిందో.

కానీ 1,808 కిలోమీటర్లు అంటె హైదరాబాద్ నుంచి ఢిల్లీ దాటేదాక కేబుల్ ఏసిన్రు అనుకునేరు, అట్ల కాదు. లాబుల 86.1 కిలోమీటర్ల ఫైబర్‌ను స్పూళ్ల మీద చుట్టి పెట్టుకొని, లైట్‌ను దాంట్లనే 21 సార్లు తిప్పిన్రు, తిరిగినప్పుడల్ల లైట్ పవర్ పెంచే ఆంప్లిఫయర్ల నుంచి పోతది. దీన్ని రీసర్క్యులేటింగ్ లూప్ అంటరు, మోసం ఏం కాదు, ప్రపంచమంత గట్లనే చేస్తరు. ఇంకో సంగతి, ఇసొంటి రికార్డులల్ల రిసీవర్ దగ్గర సిగ్నల్‌ను పట్టి మెమొరీల ఏసుకొని, తర్వాత కంప్యూటర్ల నిమ్మళంగ ప్రాసెస్ చేస్తరు. అప్పటికప్పుడు డీకోడ్ చేసే చిప్ ఇంకా తయారు కావాలె. లాబ్ రికార్డుకు, మన రోడ్డు పక్కన డబ్బాకు మధ్యన పదేండ్ల తేడా ఉండేది ఇందుకే. అన్నట్టు పెటాబిట్ అంటె బిట్లు, బైట్లు కాదు, 8తోటి భాగిస్తే సెకనుకు సుమారు 127 టెరాబైట్లు అయితది, అది కూడా తక్కువేం కాదు.

ఇప్పుడు అసలు ముచ్చట, దూరం ఎందుకు గంత కష్టం.

1966ల ఇంగ్లండుల చార్లెస్ కావో, జార్జ్ హాక్‌హమ్ కలిసి ఒక పేపర్ రాసిన్రు. అప్పటి గాజుల లైట్ కిలోమీటరుకు 1,000 డీబీ (డెసిబెల్, 10 డీబీ పోతే లైట్ల పదో వంతే మిగుల్తది) దాకా మాయమయ్యేది, గాజు తప్పేం లేదు దాంట్ల ఉన్న మలినాలదే తప్పు, కిలోమీటరుకు 20 డీబీకి దించగలిగితే టెలిఫోన్లు నడుపొచ్చు అని అన్నరు. 1970ల అమెరికాల కార్నింగ్ కంపెనీ 17 డీబీ చేసి చూపెట్టింది, 1979ల జపాన్ ఎన్‌టీటీ 1550 నానోమీటర్ల వేవ్‌లెంగ్త్ (లైట్ రంగు అనుకో) దగ్గర 0.2కు దించింది. కావోకు 2009ల నోబెల్ వచ్చింది. ఆ 0.2 దగ్గరనే కథ దాదాపు ఆగింది, చూడు. ఇయ్యాల్టికీ మనం భూమిల ఏసే ఫైబర్ ఆ చుట్టుపక్కలనే ఉంటది, గట్టి గాజు ఫైబర్ల సుమిటోమో వాళ్లు ఎంత కిందమీద పడి 0.1397కి తెచ్చిన్రు. గాజు చల్లారి గట్టిపడేటప్పుడు లోపల సాంద్రత అక్కడక్కడ సన్నసన్నగ ఎక్కువ తక్కువ ఉండిపోతది, లైట్ దానికి తగిలి చెదురుతది, దాన్ని రేలీ స్కాటరింగ్ అంటరు. గాజు గాజుగ ఉన్నన్ని రోజులు అది పోదు.

0.2 అంటె ఫీల్డుల ఎట్లుంటదో చెప్త. 80 కిలోమీటర్ల స్పాన్ (రెండు ఆంప్లిఫయర్ల మధ్య ముక్క) అనుకో. 80 ఇంటు 0.2, 16 డీబీ. కేబుల్ డ్రమ్ము 2 కిలోమీటర్లది అయితే 40 దాక జాయింట్లు, ఒక్కోటి 0.05 డీబీ ఏసుకున్నా ఇంకో 2 డీబీ. ఇది కొత్తగ ఏసినప్పటి లెక్క. తర్వాత రోడ్డు పనుల జేసీబీ బకెట్ తగిలి ఒక్కసారి తెగితే మధ్యల ముక్క ఏసి కలుపుతరు, అంటే ఒక్క కట్‌కు రెండు కొత్త జాయింట్లు, అది కూడా రాత్రిపూట వానల గొడుగు పట్టుకొని చేసింది. స్ప్లైసింగ్ మిషన్ స్క్రీన్ మీద 0.02 డీబీ అని చూపెడ్తది గని అది పోగుల బొమ్మ చూసి ఏసుకునే అందాజా మాత్రమే, అసలు సంగతి ఓటీడీఆర్ (పోగులకు లైట్ కొట్టి ఎనక్కి చెదిరి వచ్చేదాన్ని కొలిచే మీటర్) పెడితేనే తెలుస్తది, అది కూడా రెండు దిక్కుల నుంచి కొట్టి సరాసరి తియ్యాలె. నేను కొత్త పిలగాండ్లకు చెప్పేది ఒకటుంది: ట్రేస్‌ల, అంటే ఓటీడీఆర్ చూపెట్టే గీతల, మెట్టు కనపడంగనే జాయింట్ మల్ల కొయ్యకుండ్రి. అదే చోట 1310 నానోమీటర్లల ఏం లేకుండ, 1550ల మెట్టు పెద్దగ కనిపిస్తే జాయింట్ మంచిగనే ఉంది, క్లోజర్ (జాయింట్లు పెట్టే డబ్బా) ట్రేల పోగు చుట్ట మరీ చిన్నగ వంగింది. ట్రే తెరిచి జర లూజు చేస్తే పోతది. ఇది తెల్వక మంచి జాయింట్లు ఎన్ని కోసిన్రో లెక్కే లేదు.

ఈ ముచ్చట ఎందుకంటె పెద్ద పెద్ద స్పీడులు వచ్చినకొద్దీ ఈ ఒకటి రెండు డీబీల కాడనే మొత్తం ఆట నడుస్తది. 100 కిలోమీటర్లకు 20 డీబీ పోతది, అంటె పంపిన లైట్ల నూటికి ఒక్క వంతు మిగుల్తది. 1,000 కిలోమీటర్లకు 200 డీబీ, అంటె ఒకటి పక్కన ఇరవై సున్నాలు పెట్టి దానితోటి భాగించాలె, ఇగ ఏముంటది. అందుకే మధ్య మధ్యల ఆంప్లిఫయర్ కావాలె. 1988ల అట్లాంటిక్ సముద్రంల ఏసిన మొదటి ఫైబర్ కేబుల్ టాట్-8ల ఆప్టికల్ ఆంప్లిఫయర్లు లేకుండె, లైట్‌ను కరెంటు చేసి, సరిచేసి, మల్ల లైట్ చేసే రీజెనరేటర్లు సముద్రం కింద పెట్టిన్రు, ఒక ఫైబర్ జతకు (పోయేందుకొకటి, వచ్చేందుకొకటి) స్పీడు 280 మెగాబిట్. దానికి ముందటి ఏడే, 1987 దిక్కు, సౌతాంప్టన్‌ల డేవిడ్ పేన్ టీము, బెల్ ల్యాబ్స్‌ల దెసుర్‌వీర్ వాళ్లు ఎర్బియం కలిపిన ఫైబర్ ఆంప్లిఫయర్ చూపెట్టిన్రు, అదే ఈడీఎఫ్ఏ. ఒక్క డబ్బా, 1550 చుట్టూ ఉన్న వేవ్‌లెంగ్తులన్నిటిని ఒక్కసారే పెంచుతది, ఒక్కో రంగుకు ఒక్కో డబ్బా అక్కర్లేదు. డీడబ్ల్యూడీఎం, అంటే ఒక్క పోగుల మస్తు రంగుల లైట్ కలిపి పంపుడు, డబ్బుల లెక్కల కుదిరిందంటె దీని పుణ్యమే. నా మటుకు నేను ఈ మొత్తం చరిత్రల ఒక్క వస్తువును ఎంచుమంటె లేజర్ కాదు, చిప్ కాదు, ఈడీఎఫ్ఏనే అంట.

అయితే ఈడీఎఫ్ఏ ఊరికెనే పెంచదు, కొంచెం నాయిస్ కూడా కలుపుతది, పది ఆంప్లిఫయర్లు దాటితే పది సార్లు కలుస్తది. మరి మొదట్లనే పవర్ ఎక్కువ పెట్టి పంపితే నాయిస్ చిన్నగ అయితది కదా అని అడుగుతవు. అక్కడనే ఇరికిచ్చింది ప్రకృతి. డీజే బాక్సుల సౌండ్ ఒక హద్దు దాకా పెంచితే పాట గట్టిగ వినపడ్తది, ఆ హద్దు దాటినంక పాట పోయి గర్రుమని పగిలిన చప్పుడే వస్తది. గాజుల కూడా అంతే, లైట్ పవర్ పెరిగితే గాజు రిఫ్రాక్టివ్ ఇండెక్స్ (లైట్‌ను ఎంత నెమ్మది చేస్తది అనే లెక్క) కొద్దిగ మారుతది, దాన్ని కెర్ ఎఫెక్ట్ అంటరు, ఒక ఛానల్ (ఒక రంగు) పవర్ పక్క ఛానల్ ఫేజ్‌ను, అంటే అల తాళాన్ని, ఖరాబు చేస్తది. కాబట్టి ప్రతి లింకుకు ఒక మంచి పవర్ ఉంటది, ఒక్కో ఛానల్‌కు ఒక మిల్లీవాట్ అటిటు. తక్కువైతే నాయిస్ మింగుతది, ఎక్కువైతే దాన్ని అదే ఖరాబు చేసుకుంటది.

ఇప్పుడు 1948 నాటి షానన్ సూత్రం గుర్తు తెచ్చుకో, మీ సిలబస్‌ల ఉంటది. కెపాసిటీ అంటె బ్యాండ్‌విడ్త్ ఇంటు, బేస్ 2కు లాగ్ ఆఫ్ ఒకటి ప్లస్ ఎస్ఎన్ఆర్ (నాయిస్‌కు సిగ్నల్ ఎన్ని రెట్లు అనేది). పరీక్షకు బట్టీ కొట్టి పక్కన పడేస్తరు గని మొత్తం ఫైబర్ రీసెర్చ్ ఏ దిక్కు పోవాల్నో ఈ ఒక్క లైన్ల ఉంది. ఎస్ఎన్ఆర్ లాగ్ లోపల ఉంది, బ్యాండ్‌విడ్త్ బయట ఉంది. ఎస్ఎన్ఆర్ 15 ఉన్నదనుకో, లాగ్ ఆఫ్ 16, అంటె 4 బిట్లు. పవర్ డబుల్ చేసి 31 చేసినా 5 బిట్లే. అదే ఉన్న పవర్‌ను రెండు దారులకు సగం సగం పంచు, ఒక్కోదాంట్ల ఎస్ఎన్ఆర్ 7 అనుకో, లాగ్ ఆఫ్ 8, అంటె 3 బిట్లు, రెండు దారులు కలిపి 6. పవర్ ఒక్క ఇసుమంత కూడా పెంచకుండ 4 కాస్త 6 అయ్యింది! నేను చెప్పదలుచుకున్నది ఇదే. ఒక్క కోర్ల (పోగు లోపల లైట్ పోయే దారి) ఒక్క బ్యాండ్ల (వేవ్‌లెంగ్తుల గుంపు) నుంచి పిండుడు దాదాపు అయిపోయింది, ఇగ దారులు పెంచుడే మిగిలింది, కిందటి పదేండ్ల రికార్డులన్ని దీని చుట్టే తిరుగుతున్నయి.

పిండుడు అయిపోయింది అని ఎందుకంటున్ననో కూడా చెప్పాలె. 2010 దాకా లైట్ ఉంటే ఒకటి, లేకుంటే సున్నా, ఎక్కువ లింకులల్ల అదే పద్ధతి. తర్వాత కోహెరెంట్ వచ్చింది. రిసీవర్ల ఇంకో లేజర్ పెట్టి, వచ్చిన లైట్ ఫేజ్, పోలరైజేషన్ (అల ఊగే దిక్కు) అన్ని పట్టుకొని, ఏడీసీతోటి నంబర్లుగ మార్చి, మిగతాది చిప్‌ల లెక్కలు చేసుడు. రెండు పోలరైజేషన్లు, ఒక్కోదాంట్ల క్యూపీఎస్‌కే (నాలుగు ఫేజ్‌లు, అంటె 2 బిట్లు), రెండు కలిపి సింబల్‌కు 4 బిట్లు, 100 జీ (సెకనుకు 100 గిగాబిట్) గట్ల పుట్టింది. మాసొంటోళ్లకు దీని అసలు సుఖం ఎక్కడంటె డిస్పర్షన్. మామూలు ఫైబర్ల 1550 దగ్గర నానోమీటరుకు కిలోమీటరుకు సుమారు 17 పికోసెకండ్లు పల్స్ పరుచుకుంటది, దాన్ని సరిచేసేందుకు ప్రతి స్టేషన్ల డీసీఎం అని కిలోమీటర్ల కొద్ది ఉల్టా ఫైబర్ చుట్టిన డబ్బాలు ఉండేటివి, రాక్ నిండ అవే, లాస్ ఒకటి అదనం, ఏ స్పాన్‌కు ఏ డీసీఎం అని ఎక్సెల్ షీట్ పట్టుకొని తిరుగుడు. కోహెరెంట్ చిప్ వచ్చినంక అది మొత్తం లెక్కల్లనే పోతది, డీసీఎంలు తీసి స్టోర్ రూముల పడేసిన్రు.

తర్వాత ప్రాబబిలిస్టిక్ షేపింగ్ వచ్చింది, పవర్ ఎక్కువ తినే బయటి సింబల్ పాయింట్లను తక్కువ సార్లు, లోపలి పాయింట్లను ఎక్కువ సార్లు వాడుడు, దానితోటి షానన్ హద్దుకు మస్తు దగ్గరికి పోయిన్రు. ఇగ అక్కడి నుంచి మిగిలింది తక్కువే. ఇప్పుడు ఒక్క వేవ్‌లెంగ్త్‌ల 1.6 టెరాబిట్ అని కంపెనీలు చెప్తున్నయి, వినేందుకు బాగుంటది గని అది 200 గిగాబాడ్‌తోటి (సెకనుకు 20,000 కోట్ల సింబళ్లు) నడుస్తది, స్పెక్ట్రం కూడా అంత వెడల్పు తింటది. సీ బ్యాండ్ (1550 చుట్టూ ఉండేది) మొత్తం ఉన్నదే 4.8 టెరాహెర్ట్జ్, అసొంటివి 24 పడ్తయి అంతే. డబ్బాలు తగ్గుతయి, కరెంటు బిల్లు తగ్గుతది, బిట్‌కు ఖర్చు తగ్గుతది, అదంత నిజమే. పోగు మొత్తం కెపాసిటీ మాత్రం ఆ లెక్కల పెరగదు. సేల్స్ వాళ్లు ఈ రెండిటిని కలిపి చెప్తరు, జర జాగ్రత్త.

సరే, దారులు ఎట్ల పెంచాలె? మొదటిది బ్యాండ్లు. సీ బ్యాండ్ పక్కన ఎల్ బ్యాండ్, అటు ఎస్, ఇంక దూరం పోతే ఈ, ఓ, ఇటు చివరికి యూ. 2024 నాటి 402 టెరాబిట్ గట్లనే వచ్చింది, ఓ నుంచి యూ దాకా అన్ని బ్యాండ్లు కలిపి 37.6 టెరాహెర్ట్జ్ వాడిన్రు. ఫైబర్ పాతదే, ఆంప్లిఫయర్లే కొత్తయి: ఎర్బియం ఒక్కటితోటి కాదు, తూలియం, ప్రసోడిమియం, బిస్మత్ కలిపిన ఫైబర్లు, వాటికి తోడు రామన్ ఆంప్లిఫయర్లు. రామన్ అంటె మన సీవీ రామనే, 1928 నాటి ఎఫెక్ట్. 1450 దగ్గర పంపు లేజర్ పెడితే వంద నానోమీటర్ల అవతల 1550ల సిగ్నల్ పెరుగుతది, ఫైబరే ఆంప్లిఫయర్ అయితది. కానీ అదే రామన్ ఎఫెక్ట్ మల్టీబ్యాండ్ల మనకు శత్రువు కూడా, ఎందుకంటె చిన్న వేవ్‌లెంగ్త్ ఛానళ్ల పవర్‌ను పెద్ద వేవ్‌లెంగ్త్ ఛానళ్లు పిలవకుండనే గుంజుకుంటయి, ఎస్ బ్యాండ్ చిక్కిపోతది, ఎల్ బ్యాండ్ బలుస్తది. ఒక ఛానల్ తీసినా పెట్టినా మిగతా అన్నిటి లెవెల్ కదుల్తది. సీ ప్లస్ ఎల్ నడుపుడే ఫీల్డుల తలనొప్పి, ఆరు బ్యాండ్లు రోడ్డు మీద ఎవ్వలు నడుపుతరో నాకైతే ఆశ లేదు. భూమిల ఏసిన ఫైబర్ తీసే అవసరం లేకుండ కెపాసిటీ డబుల్ కావాలంటె సీ ప్లస్ ఎల్ చాలు, అది ఇప్పటికే దొరుకుతున్నది.

రెండోది కోర్లు. 2025 రికార్డు ఫైబర్ల 19 కోర్లు ఉన్నయి, కానీ పోగు మందం మామూలు ఫైబర్ లెక్కనే 0.125 మిల్లీమీటర్లు. కేబుల్ ఫ్యాక్టరీకి, క్లీవర్‌కు, స్ప్లైసర్‌ల పోగు కూసునే గాడికి ఆ మందమే లెక్క, అది మారితే మొత్తం సామాను మారాలె. అందుకే మందం మారకుండ 19 పట్టిచ్చుడు గొప్ప. గంత దగ్గర దగ్గర ఉంటె ఒక కోర్ లైట్ ఇంకో కోర్లకు పోతది కదా అంటె, అవును పోతది, పోనియ్యి అన్నరు. కావాల్నని కలవనిచ్చి, చివరల ఎంఐఎంఓ లెక్కలతోటి విడదీస్తరు, 4జీ 5జీ ఆంటెనాల వాడే ఆ ఎంఐఎంఓనే. 19 కోర్లు, ఒక్కోదాంట్ల రెండు పోలరైజేషన్లు, 38 బై 38 మ్యాట్రిక్స్, దాన్ని అప్పటికప్పుడు చేసే చిప్ ఎంత కరెంటు తింటదో ఊహించుకో. 2021 రికార్డుల 4 కోర్ల ఫైబర్ అట్ల కాదు, కోర్లు దూరం దూరం ఉంటయి, ఏ కోర్ లైట్ ఆ కోర్లనే, మామూలు ట్రాన్స్‌సీవర్ పెట్టినా నడుస్తది. ముందు మార్కెట్‌కు వచ్చేది ఇదే అని నా అభిప్రాయం. జాయింటర్‌గ ఒక్క మాట, మామూలు ఫైబర్‌ను ఎటు తిప్పి కలిపినా ఒకటే, దీన్ని మాత్రం కోర్‌కు ఎదురుగ కోర్ వచ్చేటట్టు తిప్పి కలపాలె, ఏ కోర్ ఒకటో నంబరో గుర్తుకు పక్కన ఒక మార్కర్ పెడ్తరు. ఆ పనిని రాత్రి పన్నెండు గంటలకు గుంత పక్కన కూసొని చేసేటోళ్లను తయారు చెయ్యాలంటె టైం పడ్తది.

మన హైవే మీద ఇది కావాల్నా అంటె ఇప్పట్ల అక్కర్లేదు. డక్టుల (భూమిల ఏసిన పైపు) 96 పోగులో 144 పోగులో కేబుల్ ఏసుకోవచ్చు, పోగు సస్తా, తవ్వుడే పిరం. కోర్లు ఎక్కువ కావాల్సింది సముద్రంల. సముద్రం కింద కేబుల్‌కు కరెంటు రెండు ఒడ్ల నుంచే ఇస్తరు, పది వేల వోల్టుల పైన పెట్టి, మధ్యల వేల కిలోమీటర్ల దాకా ఉన్న ఆంప్లిఫయర్లన్ని దాని మీదనే బతకాలె. అంటే అక్కడ పవర్ లెక్కబెట్టి దొరుకుతది. పైన చెప్పిన షానన్ లెక్క, అదే పవర్ ఎక్కువ దారులకు పంచితే మొత్తం పెరుగుడు, నిజంగ పైసలు మిగిల్చేది అక్కడనే. 2018ల మొదలైన మరేయా కేబుల్ల 8 జతలు, ఆ తర్వాత గూగుల్ ఏసిన డునాంట్ల 12, గ్రేస్ హాపర్ల 16. ఒక్కో జత స్పీడు పెంచుడు మాని జతలే పెంచుకుంట పోయిన్రు, ఒకే పంపు లేజర్ల గుంపును కొన్ని జతలకు కలిపి వాడుకుంటరు. తైవాన్, ఫిలిప్పీన్స్, అమెరికా మధ్య టీపీయూ అనే కేబుల్ల రెండు కోర్ల ఫైబర్ వాడుతున్నమని గూగుల్, ఎన్‌ఈసీ 2023ల చెప్పిన్రు. మీరు చెన్నై, ముంబై మీదుగ బయటి దేశం సర్వర్ తెరిచినప్పుడల్ల ఇసొంటి సముద్రం లెక్కలల్లనే పోతున్నరు.

మూడోది నాకు అన్నిటికంటె ఎక్కువ ఇష్టం, హాలో కోర్. గాజు మధ్యల లైట్ పంపుడు బంద్ చేసి, మధ్యల బొక్క ఉంచి గాలిల పంపుడు. బొక్క చుట్టూ పల్చటి గాజు గొట్టాలు, వాటిలోపల ఇంక చిన్న గొట్టాలు ఉంటయి, లైట్ బయటికి పోకుండ అవి ఆపుతయి. ఇంగ్లండుల సౌతాంప్టన్ యూనివర్సిటీ నుంచి పుట్టిన ల్యూమెనిసిటీ అనే కంపెనీని 2022ల మైక్రోసాఫ్ట్ కొన్నది, 2025ల వీళ్లు 0.091 డీబీ సాధించినం అని పేపర్ ఏసిన్రు. పైన చెప్పిన 0.14 గుర్తుందా, గాజు దాటలేని గోడ దాటిన్రు, ఎందుకంటె లైట్ అసలు గాజుల లేనే లేదు. కెర్ ఎఫెక్ట్ కూడా దాదాపు లేనట్టే, అంటే పవర్ పెంచుకోవచ్చు, షానన్ గోడ ఇంక దూరం జరుగుతది. స్పీడు కూడా, గాజుల లైట్ సెకనుకు రెండు లక్షల కిలోమీటర్ల చిల్లర, గాలిల మూడు లక్షలు.

హైదరాబాద్ నుంచి నార్కట్‌పల్లి, నల్గొండ, మిర్యాలగూడ, అద్దంకి మీదుగ చెన్నైకి కేబుల్ 700 కిలోమీటర్లు అనుకుందాం. గాజుల పోయిరావడానికి 7 మిల్లీసెకండ్లు, హాలో కోర్ల 4.7. మనిషికి తేడా తెల్వదు, గని షేర్ ట్రేడింగ్ వాళ్లకు, రెండు ఊర్ల డేటా సెంటర్లను ఒక్కటే లెక్క నడిపేటోళ్లకు తెలుస్తది. పాత పాలమూరు జిల్లా దిక్కు మేకగూడల, ఇటు చందన్‌వెల్లిల డేటా సెంటర్లు లేస్తున్నయి కదా, మన దగ్గరికి హాలో కోర్ వస్తే హైవే మీద కంటె ముందు అసొంటి చోట్ల క్యాంపస్‌కు క్యాంపస్‌కు మధ్యనే వస్తదని నా అందాజా. కష్టాలు కూడా ఉన్నయి. కిలోమీటర్లకు కిలోమీటర్లు ఒకే తీరుగ ఆ సన్న గొట్టాలు గుంజుడు మామూలు పని కాదు. తెగిన చోట బొక్కల తేమ పోతే ఖతం. లోపల గ్యాస్ ఏదైనా ఉంటె కొన్ని వేవ్‌లెంగ్తులు అది తింటది. నాకు సంబంధించిన కష్టం ఏందంటె ఓటీడీఆర్ నడిచేదే గాజు ఎనక్కి చెదరగొట్టే లైట్ మీద, ఇక్కడ గాజే లేదాయె, ఎనక్కి వచ్చేది వెయ్యిల ఒక వంతు కూడా ఉండది, మామూలు ఓటీడీఆర్‌కు ట్రేస్ కనపడుడే కష్టం. కట్ ఎక్కడున్నదో తెల్వకపోతే జేసీబీ పోయిన దారిల నడుసుకుంట ఎతకాల్సిందే.

రీసెర్చ్ మిగిలిందా అన్నవు. పైన రాసినదాంట్ల ఎక్కడెక్కడ ఇంకా కాలేదు అన్ననో మల్ల చదువు, అవన్ని మిగిలినవే. 38 బై 38ను తక్కువ కరెంటుల చేసే చిప్, ఎస్ బ్యాండ్ ఆంప్లిఫయర్, మల్టీబ్యాండ్ల రామన్ టిల్ట్‌ను (పైన చెప్పిన పవర్ గుంజుడును) లైవ్‌ల సరిచేసే సాఫ్ట్‌వేర్, హాలో కోర్‌ను ఫీల్డుల టెస్ట్ చేసే మీటర్. మన దేశంల కూడా పని ఉంది, కోల్‌కతాల సీజీసీఆర్ఐ (సర్కారు గాజు రీసెర్చ్ సంస్థ) స్పెషల్ ఫైబర్లు గుంజుతది, బెంగళూరుల తేజస్ నెట్‌వర్క్స్ డీడబ్ల్యూడీఎం డబ్బాలు తయారుచేస్తది, ఐఐటీ మద్రాసుల ఫైబర్ ఆప్టిక్స్ మీద మంచి గ్రూపులు ఉన్నయి. గేట్ మంచిగ రాయి. డీఎస్పీ (డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్), లీనియర్ ఆల్జీబ్రా గట్టిగ పట్టు, ఆప్టిక్స్ తర్వాత నేర్చుకోవచ్చు, అవి రెండు రాకుంటె మాత్రం ఈ లైన్ల ఒక్క పేపర్ అర్థం కాదు.

దాని కంటె ముందు ఇయ్యాల్నే చేసేది ఒకటి ఉంది. జీఎన్‌పై అని పైథాన్ల రాసిన ఫ్రీ టూల్ దొరుకుతది, టెలికాం ఇన్‌ఫ్రా ప్రాజెక్ట్ వాళ్లది, పెద్ద పెద్ద ఆపరేటర్ల ప్లానింగ్ వాళ్లు కూడా వాడేది, మామూలు ల్యాప్‌టాప్ చాలు. పైన చెప్పిన హైదరాబాద్, చెన్నై దారినే తీసుకో, 80 నుంచి 100 కిలోమీటర్ల స్పాన్లు ఎనిమిది పెట్టు, లాస్ 0.2, మధ్యల ఈడీఎఫ్ఏలు. ఒక్కో ఛానల్ పవర్ మైనస్ 4 డీబీఎం (0 డీబీఎం అంటె ఒక మిల్లీవాట్) నుంచి ప్లస్ 4 దాకా ఒక్కో డీబీ పెంచుకుంట నడిపి, ఓఎస్ఎన్ఆర్ (ఆంప్లిఫయర్ నాయిస్ ఒక్కటే లెక్క) ఒక గీత, జీఎస్ఎన్ఆర్ (కెర్ ఎఫెక్ట్ ఖరాబు కూడా కలిపి) ఒక గీత గీయి. మొదటిది పెరుక్కుంటనే పోతది, రెండోది ఒక చోట ఎక్కి మల్ల కిందికి దిగుతది. తర్వాత లాస్ 0.25 చేసి, అంటె కట్లు పడి జాయింట్లు పెరిగిన పాత కేబుల్ అనుకొని, మల్ల నడుపు. రెండు గ్రాఫులు ఇక్కడనే పెట్టు తమ్మీ, పీక్ ఎటు జరిగింది, ఎందుకు జరిగింది అనేది దాని మీద మాట్లాడుదాం.